అంచు దాకా పోసిన నీళ్ళు

బండి ఎక్కడ ఆగిపోయిందో కథని కూడా అక్కడే వదిలేసి పోయినవారం నేను మెల్లగా జారుకున్నాను. జారుకోవడం నాకు కొత్త కాదని మొదటినుంచీ చదువుతున్నవాళ్ళకి తెలుసు. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్తాను.

మా ఆసుపత్రి ఒక గుట్ట మీద ఉంది. కింద గేటు, మధ్యలో మలుపు దగ్గర ఊపిరితిత్తుల వార్డు, పైన డయాలసిస్ గది. గేటు దగ్గర దిగిన రోగుల్ని పైకి చేర్చడానికి గోల్ఫ్ బండ్లు తిరుగుతాయి. గోల్ఫ్ అనే ఆటని మాలో ఎవడూ కళ్ళతో చూసిన పాపాన పోలేదు, బండి పేరు మాత్రం అదే. ఇరవై ఆరేళ్ళుగా ఇక్కడ పెట్రోలు బండ్లే. ఆ షెడ్డుకి మెకానిక్‌ని నేను. డ్రైవర్లంతా నన్ను ఇంజను బాబాయి అంటారు. ఇప్పుడు పాతవి తీసేసి ఆరు కొత్త బండ్లు కొనాలి. పెట్రోలువా, బ్యాటరీవా అని తేల్చడానికి ఒక బ్యాటరీ బండిని నెల రోజులు వాడి చూడమని తెప్పించారు. దాన్ని నడిపే పని మా మరదలికి దక్కింది. మా ఆవిడకి స్వయానా చెల్లెలు, నా దగ్గరే స్టీరింగు పట్టుకోవడం నేర్చుకున్న పిల్ల. ఆ నెల సవ్యంగా గడిస్తే ఉద్యోగం పర్మనెంటు. గడవకపోతే ఇంటికి.

ఇరవై ఏడో రోజున, ఒక సోమవారం, బండి సగం గుట్ట ఎక్కి మొరాయించింది. అందులో పాటల టీచరమ్మ ఉంది. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వచ్చే మనిషి, నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతుంది. మరదలు బండి దిగి, ఆవిణ్ణి వీపుకెత్తుకుని, మండుటెండలో పైదాకా మోసింది. నేను షెడ్డు గుమ్మంలో స్పానరు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. పరుగెత్తలేదు. బండి ఎందుకు ఆగిందో నాకు తెలుసు.

ఆ ఎందుకు అన్నది ఈ వారం చెప్పక తప్పదు.

పెట్రోలు మనిషికి ఒక అలవాటుంటుంది. ట్యాంకు మూత తీశాడంటే మెడ దాకా నింపి గానీ మళ్ళీ బిగించడు. ఖాళీ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. బ్యాటరీ బండి వచ్చిన మొదటిరోజు కంపెనీ టెక్నీషియన్ రెండు గంటలు క్లాసు చెప్పాడు. సీటు కింద ఆరు బ్యాటరీలు, ఒక్కోదానికి మూడు మూతలు. సాయంత్రం ఛార్జింగ్ పెట్టాలి. పొద్దున, ఛార్జింగ్ పూర్తయ్యాక, మూతలు తీసి లోపలి పలకలు మునిగేంత మేరకే డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ఛార్జింగ్‌కి ముందు పోయకూడదు. అంచు దాకా అసలే పోయకూడదు. ఇదంతా చెప్పాడట. అట అంటున్నానంటే నేను వినలేదని అర్థం. చివరి కుర్చీలో కూర్చుని ఒక పాత స్పార్క్ ప్లగ్గు గీకుతూ ఉన్నాను. ఇరవై ఆరేళ్ళు బండ్లు విప్పి బిగించినవాడికి నీళ్ళు పోయడం నేర్పుతారా అని ఒళ్ళు మండింది. ఆ మంట అడుగున భయం ఉంది. ఇంజనే లేని బండి వస్తే ఇంజను బాబాయికి షెడ్డులో ఏం పని?

రెండో వారంలో ఒక సాయంత్రం పద్దెనిమిది మూతలూ తీసి, పద్దెనిమిదింటినీ మెడ దాకా నింపి, ఛార్జింగ్ పెట్టేసి హాయిగా ఇంటికి పోయాను. పొద్దున వచ్చి సీటు ఎత్తితే కింద ట్రే అంతా తడి. ఛార్జింగ్‌లో పొంగి యాసిడ్ బయటికి పోయింది. ఇనుప పట్టీల మీద తెల్లగా పొక్కులు లేచాయి. అప్పుడైనా ఫోను తీసి టెక్నీషియన్‌ని అడిగి ఉంటే అరపూట పనితో పోయేది. అడిగితే రెండు గంటల క్లాసులో ఏం వెలగబెట్టావని అనడా? అందుకని యాసిడ్ విరగడానికి ఇంట్లోంచి వంటసోడా పొట్లం తెచ్చి ట్రే శుభ్రంగా తుడిచాను. సాయంత్రం, పోయిన మేరకి మళ్ళీ నీళ్ళు పోశాను. మళ్ళీ పొంగింది. మళ్ళీ తుడిచాను, మళ్ళీ పోశాను. అలా రెండు వారాలు. లోపల ఇంకా యాసిడ్ మిగిలిందా, ఒట్టి నీళ్ళేనా అని ఒకరోజు అనుమానం వచ్చింది. వచ్చిన అనుమానాన్ని మూత పెట్టి బిగించేశాను. బండి రోజురోజుకీ నీరసపడి మూలుగుతూ గుట్ట ఎక్కుతుంటే నాలో ఒక మూల సంతోషంగా ఉండేది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. రాయకుండా దాటేస్తే ఇంకా సిగ్గు.

ఇంకొకటి. బండి రిజిస్టరులో 'నీళ్ళు పోసినవారి సంతకం' అని ఒక గడి ఉంది. "నా చేతులనిండా గ్రీజు ఉందమ్మాయ్, నువ్వే ఓ గీత గీసెయ్యి" అనేవాణ్ణి. గీసేసేది. మొదట్లో నిజంగానే గ్రీజు ఉండేది. తర్వాత తర్వాత చేతులు కడుక్కున్నాక కూడా అదే మాట అన్నాను.

ఇక ఆ మర్నాటి పొద్దుటి సంగతి.

పదింటికి అందరం ఆ వార్డుకి కాస్త ఎగువనున్న పెద్ద డాక్టరమ్మ గదిలో ఉన్నాం. పొడుగాటి బల్ల, దాని మీద రిజిస్టరు, పక్కన మేనేజరు గారు టైపు చేయించి తెచ్చిన కాగితం. కిటికీలోంచి చూస్తే గుట్ట సగంలో ఆ బండి కనిపిస్తోంది. పైన పట్టా కప్పారు. కిటికీ వైపు వీపు పెట్టి కూర్చుందామనుకున్నాను గానీ ఆ కుర్చీలో మేనేజరు గారు అప్పటికే కూర్చున్నారు.

పెద్ద డాక్టరమ్మ ఊపిరితిత్తుల డాక్టరు. ఎవరి మాటకైనా అడ్డు రాదు. పూర్తిగా విని, ఆనక ఒక్క ప్రశ్న వేస్తుంది. ఆ ఒక్క ప్రశ్నకే అందరూ హడలి చస్తారు.

"ముందు మీరు చెప్పండి. ఇన్నేళ్ళ అనుభవం మీది. రోజూ తిరగడానికి మనకి ఏ బండి మంచిది?" అని నన్నే అడిగింది.

అడిగిందే తడవుగా నా నోరు పనిచెయ్యడం మొదలుపెట్టింది. అదే నాకు అసహ్యం వేసింది. పెట్రోలు బండికి ట్యాంకు నింపడం ఐదు నిమిషాల పని, బ్యాటరీ బండికి ఛార్జింగ్ ఎనిమిది గంటలు. పెట్రోలు అయిపోతే డబ్బా పట్టుకుని నడిచి వెళ్ళి పోయొచ్చు, ఛార్జింగ్ అయిపోతే డబ్బాలో కరెంటు పట్టుకెళ్ళలేం. కరెంటు పోయిన రోజు గతేమిటి? గుట్ట ఎక్కాలి, ఆరుగురిని మోయాలి, రోజుకి ముప్పై నలభైసార్లు తిరగాలి. ఇంజను చెడితే నేనున్నాను, బ్యాటరీ చెడితే కంపెనీ వాడు ఎప్పుడొస్తే అప్పుడే. ఒక్క మాట అబద్ధం లేదు. అన్నీ నిజాలే చెప్తూ కూడా మనిషి ఎంత అబద్ధంగా ఉండొచ్చో ఆ పది నిమిషాల్లో తెలిసింది.

"చూశారా మేడం," అన్నారు మేనేజరు గారు కాగితాన్ని ముందుకి తోస్తూ. "అనుభవం అంటే అదీ. మా ఇంజను బాబాయి మాటే నా మాట."

సరిగ్గా అప్పుడు మా పాత పెట్రోలు బండి ఒకటి మలుపు తిరిగి పైకొచ్చింది. గది అద్దాలు గడగడలాడాయి. డాక్టరమ్మ నోట్లో మాట నోట్లోనే ఆపేసి, లేచి, కిటికీ మూసి వచ్చి కూర్చుంది. ఆ మూయడంలో విసుగు కూడా లేదు. రోజుకి ముప్పైసార్లు మూసే మనిషి ఎలా మూస్తుందో అలా మూసింది.

"నువ్వు చెప్పమ్మా. నడిపేదానివి నువ్వు," అంది మరదలితో.

మరదలు నిలబడి ఉంది. ముందురోజు మోసిన నొప్పి ఇంకా తగ్గినట్టు లేదు, ఒక భుజం దించుకుని ఉంది. "నాకు ఇంజన్ల సంగతి అంత తెలీదు మేడం. ఆ సంగతులు బావకే తెలుసు. నాకు తెలిసింది ఒకటే. పెట్రోలు బండిలో వెనకసీట్లో మనిషి అబ్బా అంటే నాకు వినపడదు. ఇందులో వినపడుతుంది. టీచరమ్మ గారైతే పైకి వెళ్ళేదాకా సన్నగా పాడుకుంటూనే ఉంటారు. పాట ఆగిందంటే ఒంట్లో బాగాలేదని బండి మెల్లగా పోనిచ్చేదాన్ని. ఆ వార్డు మలుపులో కూడా, కిటికీలు మూసుకోకుండా లోపలి రోగులు చెయ్యి ఊపేవాళ్ళు." ఆగి, "నిన్న మాత్రం బండి పరువు తీసింది మేడం," అంది.

పరువు తీసింది బండి కాదని చెప్పడానికి అంతకంటే మంచి సందు దొరకదు. నేను మంచినీళ్ళ గ్లాసు అందుకుని తాగాను.

"అసలు ఆదివారం సాయంత్రం ఛార్జింగ్ పెట్టావా నువ్వు?" మేనేజరు గారు గొంతు పెంచారు.

"పెట్టాను సార్. పచ్చ లైటు వెలిగాకే తీశాను."

"పెడితే ఎందుకాగుతుంది? బండికేమైనా దిష్టి తగిలిందా?"

"ఎందుకాగిందో బండినే అడుగుదాం," అంది డాక్టరమ్మ. కంపెనీ టెక్నీషియన్ కింద ఎదురుచూస్తున్నాడని ఆవిడకి అప్పుడే కబురొచ్చింది.

అందరం ఎండలో గుట్ట సగానికి నడిచాం. టెక్నీషియన్ పట్టా లాగి, సీటెత్తి, సంచిలోంచి హైడ్రోమీటరు తీశాడు. గాజు గొట్టం, దాని లోపల చిన్న తేలుడు పుల్ల. యాసిడ్ చిక్కగా ఉంటే పుల్ల పైకి తేలుతుంది, పలచనైతే మునుగుతుంది. మొదటి మూత తీసి కాస్త లాగాడు. పుల్ల అడుక్కి పోయింది. రెండోది. అడుక్కే. మూడోది తీస్తున్నప్పుడు నేను చెప్పుల వైపు చూసుకుంటున్నాను. 

"ఇవి బ్యాటరీలు కావండీ, మంచినీళ్ళ కుండలు," అన్నాడు టెక్నీషియన్ లేస్తూ. "ఎవరో అంచు దాకా నింపి ఛార్జింగ్ పెట్టారు. పొంగిపోయింది. పొంగినంతా మళ్ళీ నీళ్ళతో నింపారు. ఒకసారి కాదు, చాలాసార్లు. ఇదిగో, ఇక్కడ సోడా పెట్టి తుడిచారు కూడా. బండి తప్పేం లేదు. ఇన్నాళ్ళు లాగడమే గొప్ప."

మేనేజరు గారు చంకలో రిజిస్టరు తెచ్చుకున్నారు. బానెట్ మీద పరిచి, వేలు పెట్టి గడి వెంట గడి కిందికి జార్చారు. పద్నాలుగు రోజులు, పద్నాలుగు సంతకాలు.

"నీదేనా ఇది?"

మరదలు రిజిస్టరు వైపు చూసింది. తర్వాత ఒక్కసారి నా వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. క్లాసులో జవాబు తెలిసిన పిల్లాడి వైపు టీచరు చూసినట్టు చూసింది, చెప్పు మరి అన్నట్టు. నేను రుమాలు తీసి మెడ తుడుచుకున్నాను.

"సంతకం నాదే సార్," అంది.

పోశానని అనలేదు. సంతకం నాదే అంది. విన్నవాళ్ళలో ఆ తేడా నాకొక్కడికే తెలుసు.

"ఇంకేం కావాలి మేడం? మనిషి ప్రాణం మీదికి వచ్చేది," అన్నారు మేనేజరు గారు. "తాళం ఇచ్చేసి వెళ్ళమ్మా."

డాక్టరమ్మ మరదలి మొహం వైపు చూసి, పైకి నడిచింది. మిగతావాళ్ళు వెనకే వెళ్ళారు. మేమిద్దరం ఆ బండి దగ్గర మిగిలాం. మరదలు బొడ్లోంచి తాళం తీసి నా అరచేతిలో పెట్టింది. తాళానికి తనే ఒక ఎర్ర నూలు తాడు కట్టుకుంది, పోకుండా. దాన్ని విప్పుకోవడం మర్చిపోయింది.

"కొత్తగా ఎవరొచ్చినా చెప్పు బావా," అంది, రోజూ మాట్లాడే గొంతుతోనే. "అంచు దాకా పొయ్యొద్దని."

తాళం వైపు చూస్తూ అడిగాను. "నీకు... ఎప్పటినుంచి?"

"రెండో వారం నుంచి. పొద్దున సీటు తుడుస్తుంటే వేళ్ళు చురుక్కుమన్నాయి. ట్రే చూశాను, సోడా చూశాను."

"మరి అప్పుడే అడగొచ్చుగా నన్ను!"

"నువ్వే చెప్తావనుకున్నా బావా. ఇవాళ చెప్తాడు, రేపు చెప్తాడు అనుకుంటూ ఉన్నా. నాకు క్లచ్ అంటే ఏమిటో నేర్పినవాడివి, నీకు నీళ్ళు పోయడం రాదని నేనెలా అనగలను?" కొంగు విదిలించి నడుముకి దోపుకుంది. "ఇందాక పైన కూడా అనుకున్నా."

అంతే. గేటు వైపు దిగి వెళ్ళిపోయింది. ఒక భుజం ఇంకా దించుకునే ఉంది.  నా వయసు యాభై మూడు. సిగ్గుతో చెవులు వేడెక్కడం బళ్ళో చదివేటప్పుడు ఆఖరనుకున్నాను. ఎండ వల్లేనని చెప్పుకుందామని చూశాను. కుదరలేదు.

తాళం పిడికిట్లో బిగించి పైకి ఎక్కాను. ఎక్కుతున్నంతసేపూ ఒకటే అనుకున్నాను. గదిలోకి వెళ్ళగానే చెప్పేస్తాను. తలుపు తియ్యగానే, కూర్చోకముందే.

తలుపు తీశాను. కూర్చున్నాను కూడా.

మేనేజరు గారు కాగితం నా ముందుకి జరిపి కలం మూత తీసి ఇచ్చారు. "మన ఆసుపత్రికి బ్యాటరీ బండి పనికిరాదు. జరిగిన దానికి డ్రైవరు నిర్లక్ష్యమే కారణం. ఇలా రాశాం. షెడ్డు తరఫున మీ సంతకం ఒక్కటే బాకీ."

రెండు వాక్యాలు. మొదటిది నేను ఇరవై ఆరేళ్ళుగా నమ్మింది. రెండోదాని కింద సంతకం చేస్తే తప్ప మొదటిది నెగ్గదు. కలం పట్టుకున్నాను. నా చేతులకి ఆ రోజు గ్రీజు లేదు. పొద్దునే సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుని వచ్చాను, పెద్ద డాక్టరమ్మ ముందు కూర్చోవాలని.

కిటికీ మూసే ఉంది. అవతల ఊపిరితిత్తుల వార్డులో ఎవరో ఆపకుండా దగ్గుతున్నారు. కలం బల్ల మీద పెట్టేశాను.

"ఏమైంది? ఇంకు లేదా?"

"ఇంకుంది సార్." లేచి నిలబడ్డాను. బల్ల అంచు పట్టుకున్నాను. "సంతకం కాదు, ఒక మాట చెప్పాలి. ఆ నీళ్ళు..."

తలుపు తెరుచుకుంది.

మా ఆవిడ. పద్నాలుగేళ్ళుగా ఈ ఆసుపత్రి లాండ్రీ అంతా తన చేతిమీద నడుస్తోంది. ఎన్నడూ ఈ గది గడప తొక్కలేదు. చేతిలో మడతపెట్టిన ఖాకీ చొక్కా ఉంది. వెనకాలే మరదలు, ఆయాసపడుతూ, అక్క మోచెయ్యి పట్టుకుని లాగుతోంది.

"అక్కా, వద్దన్నానా! అక్కా!"

"నువ్వు చెయ్యి తియ్యి," అంది మా ఆవిడ. తిన్నగా వచ్చి, చొక్కా మడత విప్పి, నా సంతకం పడాల్సిన కాగితం మీద పరిచింది. పొట్ట దగ్గరా, ముంజేతుల దగ్గరా చిన్న చిన్న చిల్లులు. వాటిలోంచి కింద టైపు చేసిన అక్షరాలు కనిపిస్తున్నాయి.

"క్షమించండి డాక్టరమ్మగారూ. ఇది మా ఆయన చొక్కా. నిన్న ఉతికి తీస్తే ఇలా ఉంది. నూనె మరకేదో, మందు మరకేదో, యాసిడ్ పడితే గుడ్డ ఎలా అవుతుందో పద్నాలుగేళ్ళుగా చూస్తున్నాను. యాసిడ్ పడ్డ చోటు ఉతికేదాకా తెలీదు. ఉతికాకే చిల్లు పడుతుంది." అప్పటిదాకా నా వైపు చూడలేదు. ఇప్పుడు చూసింది. "వంటింట్లో సోడా పొట్లాలు ఎందుకు మాయమవుతున్నాయా అనుకున్నాను. గేటు దగ్గర మా చెల్లి మొహం చూశాక అర్థమైంది. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

అర నిమిషం. ఆ తలుపు అర నిమిషం ఆలస్యంగా తెరుచుకుని ఉంటే నాకై నేను చెప్పినవాణ్ణి అయ్యేవాణ్ణి. నోటిదాకా వచ్చిందని ఇప్పుడు ఎవరితో అంటాను? అన్నా ఎవరు నమ్ముతారు? రెండు వారాల్లో అలాంటి అర నిమిషాలు ఎన్ని పోగొట్టుకున్నానో లెక్కేలేదు, ఈ ఒక్కదానికి ఏడవడం కూడా సిగ్గుచేటే.

"నేనే చెప్తాను," అన్నాను. "నీళ్ళు పోసింది నేను మేడం. పద్నాలుగు రోజులూ నేనే. ఆ అమ్మాయి చేత సంతకాలు పెట్టించిందీ నేనే. అమ్మాయి తప్పు వీసమెత్తు లేదు."

మేనేజరు గారు కుర్చీలో వెనక్కి వాలారు. మరదలు గుమ్మం పట్టుకుని తల వంచుకుంది, తప్పు తనే చేసినట్టు. నేను ఎర్ర తాడున్న తాళం తీసి చొక్కా పక్కన పెట్టాను. చెప్పేశాను, అయిపోయింది అనుకున్నాను. 

పెద్ద డాక్టరమ్మ కళ్ళజోడు తీసి, చొక్కాలోని ఒక చిల్లులో చూపుడువేలు పెట్టి చూసి, తల ఎత్తింది.

"మొదటిరోజు తెలియక పోశారు, అది నేను నమ్ముతాను. ఆఖరిరోజు, ఆదివారం సాయంత్రం పోసినప్పుడు, ఈ బండి టీచరమ్మతో గుట్ట మీద ఆగిపోతుందని మీకు తెలుసా, తెలియదా?"

మా ఆవిడ చొక్కా అంచు సర్దుతున్న చెయ్యి ఆపి, ఆ జవాబు కోసం నా వైపు తిరిగింది.